మాజులి ద్వీపంలో వన్యప్రాణి ఆవాసాల సంరక్షణ

మాజులి, ఈశాన్య భారతదేశములోని అస్సాం రాష్ట్రములో, బ్రహ్మపుత్ర నదీగర్భములో ఏర్పడిన ఒక పెద్ద ద్వీపము. జనావాసము గల నదీ ద్వీపాలలో ప్రపంచములోకెల్లా పెద్దదిగా పేరు పొందినది. 2016లో గిన్నిస్ సంస్థ ఈ ద్వీపాన్ని ప్రపంచములో అతి పెద్ద నదీ ద్వీపముగా గుర్తించినది. ద్వీపములోని చిత్తడి నేలలు, గడ్డి భూములు, చెట్ల తోపులు, చుట్టూ ఉన్న ఇసుక దిబ్బలు అనేక జాతుల పక్షులకు, జలచరాలకు, క్షీరదాలకు ఆవాసములు. నదీ కోత వలన ద్వీపము ఏటికేడు కరిగిపోవుచుండుటచే ఈ ఆవాసముల సంరక్షణ, ద్వీపములోని మనుషుల మనుగడతో ముడిపడిన సమస్యగా మారినది. మాజులికి చేరువలో ఒక ఇసుక దిబ్బపై జాదవ్ పాయెంగ్ పెంచిన మొలాయ్ అడవి, ఈ కృషిలో అందరికీ తెలిసిన ఉదాహరణ.

భౌగోళిక స్వరూపము

మాజులికి దక్షిణాన బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహము, ఉత్తరాన దాని పాయ అయిన ఖేర్కుటియా సూతి, దానితో కలిసే సుబన్‌సిరి నది సరిహద్దులుగా ఉన్నాయి. చాలాకాలము జోర్హాట్ జిల్లాలో ఒక ఉపవిభాగముగా ఉన్న ఈ ద్వీపము 2016 సెప్టెంబరులో ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. భారతదేశములో నదీ ద్వీపము ఒక జిల్లా కావడము ఇదే ప్రథమము. జిల్లా కేంద్రము గరమూర్. జోర్హాట్ సమీపములోని నిమాతి ఘాట్ నుండి కమలాబారికి పడవలు, ఫెర్రీలు నడుస్తాయి.

2011 జనాభా లెక్కల ప్రకారము ద్వీపములో 1,67,304 మంది నివసిస్తున్నారు. మిసింగ్, దేవురి, సోనోవాల్ కచారి తెగల ప్రజలు, అస్సామీ హిందువులు ఇక్కడి ప్రధాన జనవర్గములు. మిసింగ్ ప్రజలు వరద నీరు కిందుగా పోయేటట్లు వెదురు గుంజలపై ఎత్తుగా ఇళ్ళు కట్టుకుంటారు. పదహారవ శతాబ్దిలో శ్రీమంత శంకరదేవుడు ప్రవర్తింపజేసిన వైష్ణవ సంప్రదాయానికి చెందిన సత్రములు, అనగా మఠములు, ఇక్కడ వెలసినాయి. ఒకప్పుడు సుమారు 65 సత్రములు ఉండగా, కోత వలన చాలావరకు ఇతర ప్రాంతాలకు తరలిపోయి ఇప్పుడు దాదాపు 22 మాత్రమే మిగిలినాయి.

గోదావరి, కృష్ణా నదులలో ఏర్పడే ఇటువంటి భూములను తెలుగువారు లంకలని పిలుస్తారు. అస్సాంలో చిన్న దిబ్బలను, ఒండ్రు మేటలను చాపరి అంటారు. మాజులి చుట్టూ ఇటువంటి చాపరులు చాలా ఉన్నాయి. వరద వచ్చిన ప్రతిసారీ వీటిలో కొన్ని మాయమై, మరికొన్ని కొత్తగా పుడుతుంటాయి.

విస్తీర్ణము

ద్వీపము విస్తీర్ణము గురించి వేర్వేరు లెక్కలు ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభములో ఇది సుమారు 880 చదరపు కిలోమీటర్లు ఉండేదని, 2014 నాటికి 352 చదరపు కిలోమీటర్లకు తగ్గినదని సాధారణముగా పేర్కొంటారు. గిన్నిస్ గుర్తింపులో ఉన్నది పాత లెక్క అయిన 880 చదరపు కిలోమీటర్లే. ద్వీప రక్షణ బాధ్యత చూస్తున్న బ్రహ్మపుత్ర బోర్డు లెక్క ప్రకారము 2004లో సుమారు 502 చదరపు కిలోమీటర్లు ఉన్న భూభాగము 2016 నాటికి సుమారు 524 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. చుట్టూ ఉన్న చాపరులను కలిపి లెక్కించుట, విడిగా ఉంచుట, కొలత తీసుకున్న ఋతువులో నది నీటిమట్టము వంటి కారణాల వలన ఈ అంకెలు మారుతుంటాయి. ఒక శతాబ్ద కాలములో ద్వీపము బాగా కుంచించుకుపోయినదన్న విషయములో మాత్రము భేదాభిప్రాయము లేదు.

ఆవాసములు, జీవ వైవిధ్యము

బీళ్ళు

అస్సామీ భాషలో బీల్ అనగా లోతు తక్కువైన సహజ సరస్సు. నది దారి మార్చుకున్నప్పుడు విడిచిపెట్టిన పాత పాయలు, పల్లపు ప్రాంతములలో నిలిచిన వరద నీరు కలిసి ఈ బీళ్ళు ఏర్పడినాయి. వర్షాకాలములో నదితో కలిసిపోయి, శీతాకాలములో విడివడి కుంచించుకుపోవడము వీటి సహజ లక్షణము. వరదతో పాటు నదిలోని చేపలు బీళ్ళలోనికి వచ్చి గుడ్లు పెడతాయి. నీరు తీసినపుడు పిల్ల చేపలలో కొన్ని తిరిగి నదిని చేరుతాయి. మిగిలినవి కొంగలకు, బాతులకు, నీటికుక్కలకు, జాలరులకు ఆహారమవుతాయి.

శీతాకాలములో ఉత్తర దేశముల నుండి వలస వచ్చే పక్షులు ఈ బీళ్ళలో విడిది చేస్తాయి. తలపై నల్లని చారలుండే పెద్ద బాతులు, బాపన బాతులు వీటిలో ముఖ్యమైనవి. చిలువ బాతులు, నత్తగుల్ల కొంగలు, గూడబాతులు కూడా కనిపిస్తాయి. అస్సామీలు హర్గిలా అని పిలిచే పెద్ద కొంగ, దానికి దగ్గర బంధువైన చిన్న జాతి కొంగ ఈ ప్రాంతములోని విశేష పక్షులు. ఇవి బీళ్ళలో మేత మేసి, ఎత్తైన చెట్ల కొనలపై గూళ్ళు కట్టుకుంటాయి. చిత్తడి నేల ఉండి చెట్లు లేకున్నా, చెట్లు ఉండి చిత్తడి నేల ఎండిపోయినా ఇవి నిలువలేవు. అందువలన ఈ రెండు ఆవాసములను కలిపి కాపాడవలసి ఉన్నది.

గడ్డి భూములు, చాపరులు

కొత్తగా పుట్టిన ఇసుక మేటపై మొదట రెల్లు మొలుస్తుంది. దాని వేళ్ళు ఇసుకను పట్టి ఉంచి, మరుసటి వరదలో వచ్చే ఒండ్రు నిలిచేటట్లు చేస్తాయి. కొన్నేళ్ళకు ఏనుగు గడ్డి, పొదలు, ఆ తరువాత బూరుగు వంటి చెట్లు వస్తాయి. ఈ క్రమము పూర్తి కాకముందే చాలా చాపరులు కోతకు గురై నశిస్తాయి. పొడవైన గడ్డి భూములు జింకలకు, అడవి పందులకు, గడ్డిలో గూడు కట్టే పక్షులకు ఆశ్రయమిస్తాయి.

మాజులికి నైరుతి దిశలో, నది దిగువన దక్షిణ తీరములో కాజీరంగా జాతీయ వనము ఉన్నది. 1974లో జాతీయ వనముగా, 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించబడిన కాజీరంగా, ఒంటికొమ్ము ఖడ్గమృగములకు ప్రధాన నివాసము. వరద కాలములోను, మేత వెదకుతూను కాజీరంగా నుండి ఏనుగులు, ఖడ్గమృగములు, అప్పుడప్పుడు పులులు నదిలోని చాపరుల మీదుగా సంచరిస్తాయి. ఈ సంచారమును దృష్టిలో ఉంచుకొని 1999లో కాజీరంగాకు చేసిన ఆరవ చేర్పులో బ్రహ్మపుత్ర నదీగర్భమును, అందలి చాపరులను సుమారు 376 చదరపు కిలోమీటర్ల మేర కలిపినారు.

నదీ జలచరములు

బ్రహ్మపుత్రలో గంగా డాల్ఫిన్ నివసిస్తుంది. దీనిని అస్సామీలు సిహు అని పిలుస్తారు. ఇది అస్సాం రాష్ట్ర జలచరము. 2009లో కేంద్ర ప్రభుత్వము దీనిని జాతీయ జలచరముగా ప్రకటించినది. చూపు దాదాపు లేని ఈ ప్రాణి శబ్ద తరంగముల సహాయముతో దారిని, ఆహారమును కనుగొంటుంది. లోతైన మడుగులు, పాయలు కలిసే సంగమ స్థలములు దీనికి అనుకూలము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో ఉండుట వలన దీనిని వేటాడుట నేరము.

ముప్పులు

నదీ కోత

1950 ఆగస్టు 15న అస్సాం–టిబెట్ సరిహద్దులో 8.6 తీవ్రతతో భూకంపము సంభవించినది. కొండచరియలు విరిగిపడి అపారమైన మట్టి, రాళ్ళు నదులలో చేరినాయి. దానితో బ్రహ్మపుత్ర అడుగు మట్టము పెరిగి, నది వెడల్పై, అనేక పాయలుగా చీలి ప్రవహించసాగినది. మాజులి కోత ఆ తరువాత తీవ్రమైనది.

ద్వీపపు గట్లు ఎక్కువగా సన్నని ఇసుక, ఒండ్రుతో ఏర్పడినవి. వాటిని గట్టిగా పట్టి ఉంచే బంకమట్టి తక్కువ. వరద పెరుగుతున్నప్పుడు గట్లలోనికి నీరు ఇంకుతుంది. వరద తీసినపుడు ఆ నీరు తిరిగి నదిలోనికి ఊరుతూ అడుగునున్న ఇసుకను తీసుకుపోతుంది. పైనున్న మట్టి ఆధారము లేక పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. అందువలన వరద శిఖర స్థాయిలో కంటె, నీరు తగ్గే కాలములో ఎక్కువ భూమి పోవడము తరచుగా కనిపిస్తుంది. ఇళ్ళు, పొలములతో పాటు ఎన్నో ఏళ్ళ చెట్లు, వాటిపైనున్న కొంగల గూళ్ళు కూడా ఇలాగే నదిలో కలుస్తాయి.

గట్లు, బీళ్ళ క్షీణత

వరదల నుండి గ్రామములను కాపాడుటకు భూకంపము తరువాతి దశాబ్దములలో కరకట్టలు నిర్మించినారు. ఇవి ఊళ్ళకు రక్షణ కల్పించినా, బీళ్ళకు నదితో గల సంబంధమును చాలాచోట్ల తెంచినాయి. నదితో సంబంధము తెగిన బీలులోనికి కొత్త చేపలు రావు. అడుగున పేరుకున్న బురదను వరద కడిగివేయదు. నీరు కదలని చోట గుర్రపుడెక్క అల్లుకొని, సూర్యరశ్మిని, ప్రాణవాయువును అడ్డుకుంటుంది. మరొక వైపు, కట్ట తెగినప్పుడు ఒక్కసారిగా వచ్చిన ప్రవాహము పొలములపై, బీళ్ళలో ఇసుకను మేట వేస్తుంది. ఒండ్రును పంచే సాధారణ వరదకు, ఇసుకను కుమ్మరించే గండి వరదకు ఈ భేదమున్నది.

భూమిపై ఒత్తిడి

కోతలో భూమి పోగొట్టుకున్న కుటుంబములు మిగిలిన ఎత్తైన స్థలములకు, కట్టల పైకి, చాపరులకు చేరుతాయి. అక్కడ సాగుకై గడ్డిని కాల్చుట, వంట చెరకుకై చెట్లను కొట్టుట, పశువులను మేపుట వలన వన్యప్రాణుల స్థలము తగ్గుతుంది. ఏనుగుల గుంపులు పంటలపై పడినప్పుడు మనుషులకు, జంతువులకు మధ్య ఘర్షణ ఏర్పడుతుంది. ఒకే నది ఇద్దరినీ నిర్వాసితులను చేయుట ఈ ఘర్షణకు మూలము.

ఎగువ ఆనకట్టలు

సుబన్‌సిరి నదిపై అస్సాం–అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులో 2,000 మెగావాట్ల దిగువ సుబన్‌సిరి జలవిద్యుత్ కేంద్ర నిర్మాణము 2005లో మొదలైనది. దిగువ ప్రాంతముల భద్రతపై ఆందోళనల కారణముగా 2011 డిసెంబరులో పనులు నిలిచిపోయి, 2019లో తిరిగి ప్రారంభమైనాయి. విద్యుత్ అవసరమును బట్టి నీరు వదలినపుడు ఒకే రోజులో నది మట్టము హెచ్చుతగ్గులకు లోనగుట వలన చేపలకు, డాల్ఫిన్‌లకు, ఇసుక తిన్నెలపై గుడ్లు పెట్టే పక్షులకు హాని కలుగవచ్చునని పర్యావరణవేత్తలు అభ్యంతరము తెలిపినారు.

సంరక్షణ ప్రయత్నములు

శ్రమదానముతో గట్టు రక్షణ

1996లో సామాజిక కార్యకర్త సంజయ్ ఘోష్, తన సహచరులతో కలిసి అవార్డ్–ఈశాన్య విభాగము తరఫున మాజులిలో పని ప్రారంభించినాడు. అంతకు ముందు ఆయన రాజస్థాన్ ఎడారి ప్రాంతములో ఉర్ముల్ సంస్థ ద్వారా గ్రామాభివృద్ధి పనులు చేసినాడు. మాజులిలో ఆయన బృందము గ్రామస్థులను కూడగట్టి, వెదురు వంటి స్థానిక వస్తువులతో, శ్రమదానముతో సుమారు 1.7 కిలోమీటర్ల గట్టును కోత నుండి కాపాడే ప్రయత్నము చేసినది. 1997 జులై 4న ఉల్ఫా తీవ్రవాదులు ఆయనను మాజులిలో అపహరించి, తరువాత హత్య చేసినారు. ద్వీపమును అక్కడి ప్రజలే కాపాడుకోగలరని చూపిన ప్రయత్నముగా దీనిని స్మరిస్తారు.

ప్రభుత్వ చర్యలు

2004లో మాజులి రక్షణ బాధ్యతను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్రహ్మపుత్ర బోర్డు చేపట్టినది. ప్రవాహ వేగమును తగ్గించి ఒండ్రు నిలిచేటట్లు చేయుటకు, ముళ్ళపంది ఆకారములో కాంక్రీటు కడ్డీలతో చేసిన అడ్డంకులను గట్ల వెంబడి వరుసలుగా అమర్చినారు. ఇసుక నింపిన సంచులు, రాతి కట్టడములు కూడా వాడినారు. 2017 డిసెంబరులో 200 కోట్ల రూపాయలకు పైబడిన అంచనాతో మరికొన్ని రక్షణ పనులకు శంకుస్థాపన జరిగినది. ఒక చోట గట్టును పటిష్ఠము చేసినప్పుడు ప్రవాహము మరొక చోటికి మళ్ళే అవకాశము ఉండుటచే, ఇటువంటి పనులను ద్వీపమంతటినీ దృష్టిలో ఉంచుకొని చేయవలసి ఉంటుంది.

2004లో మాజులిని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చినారు. 2006లో అస్సాం శాసనసభ మాజులి సాంస్కృతిక ప్రకృతి ప్రాంత చట్టమును ఆమోదించినది. చిత్తడి నేలల విషయములో మాత్రము అంతర్జాతీయ గుర్తింపు మాజులికి రాలేదు. అస్సాం నుండి రామ్‌సార్ జాబితాలో ఉన్నది 2002లో చేరిన గువాహటి సమీపములోని దీపోర్ బీల్ ఒక్కటే.

మొలాయ్ అడవి

మొలాయ్ అడవి, జోర్హాట్ జిల్లా కోకిలాముఖ్ సమీపములో, మాజులికి చేరువగా బ్రహ్మపుత్రలోని ఇసుక దిబ్బపై పెరిగిన అడవి. విస్తీర్ణము సుమారు 550 హెక్టార్లు. మిసింగ్ తెగకు చెందిన జాదవ్ పాయెంగ్ దీనిని పెంచినాడు. ఆయన ముద్దుపేరు మొలాయ్ మీదుగానే అడవికి ఈ పేరు వచ్చినది. స్థానికులు దీనిని మొలాయ్ కఠోని అంటారు.

1979లో వరద తీసిన తరువాత, చెట్టు నీడ లేని ఇసుక తిన్నెపై ఎండ వేడికి చనిపోయిన పాములను చూసి పాయెంగ్ చలించిపోయినాడు. అప్పటికి ఆయన వయసు పదహారేళ్ళు. ఇసుకలో వెదురు తప్ప మరేదీ పెరగదని పెద్దలు చెప్పగా, ఆయన మొదట వెదురు నాటినాడు. అదే కాలములో అరుణా చాపరిపై సామాజిక అటవీ విభాగము 200 హెక్టార్లలో మొక్కలు నాటే పథకమును చేపట్టగా, అందులో కూలిగా చేరినాడు. కొన్నేళ్ళకు పథకము ముగిసి మిగిలినవారు వెళ్ళిపోయినా, పాయెంగ్ అక్కడే ఉండి మొక్కలను చూసుకుంటూ కొత్తవి నాటసాగినాడు.

ఇసుక నేలలో మొక్కలను బ్రతికించుటకు ఆయన సులభమైన పద్ధతులను అనుసరించినాడు. మొక్కపై వెదురు పందిరి వేసి, దానిపై చిన్న రంధ్రములు గల మట్టి కుండలు ఉంచి, నీరు చుక్కలుగా పడేటట్లు చేసినాడు. నేలను గుల్లబరచి సారవంతము చేయుటకు ఊరి నుండి ఎర్ర చీమలను తెచ్చి వదలినాడు. వెదురు నిలదొక్కుకున్న తరువాత తెల్లమద్ది, బూరుగు, తురాయి, ఎజార్ మొదలగు చెట్లు నాటినాడు. ఈ అడవిలో వెదురు ఒక్కటే 300 హెక్టార్లకు పైగా ఉన్నది.

చెట్లు పెరిగిన కొద్దీ జింకలు, కుందేళ్ళు, రాబందులు సహా రకరకాల పక్షులు వచ్చి చేరినాయి. తరువాత ఖడ్గమృగములు, పులులు కూడా కనిపించినాయి. సుమారు వంద ఏనుగుల గుంపు ఏటా వచ్చి కొన్ని నెలలు ఇక్కడ గడిపి వెళ్తుంది.

2008లో సమీప గ్రామములో నష్టము కలిగించి అడవిలోనికి వెళ్ళిన ఏనుగుల గుంపును వెదకుతూ వచ్చిన అటవీ శాఖ సిబ్బంది, ఇసుక దిబ్బపై ఇంత దట్టమైన అడవిని చూసి ఆశ్చర్యపోయినారు. అధికారుల దృష్టికి ఈ అడవి వచ్చినది అప్పుడే. ఏనుగుల వలన ఇళ్ళు, పంటలు పోగొట్టుకున్న గ్రామస్థులలో కొందరు అడవిని నరికివేయాలని పట్టుబట్టగా, పాయెంగ్ అడ్డుపడినాడు. 2013లో ఖడ్గమృగముల కొరకు వేటగాళ్ళు ఈ అడవిలోనికి చొరబడే ప్రయత్నము చేసినారు.

పాత్రికేయుడు, వన్యప్రాణి ఛాయాచిత్రకారుడు అయిన జితు కలితా రచనలు, 2012లో తీసిన లఘు చిత్రము ద్వారా పాయెంగ్ కృషి వెలుగులోనికి వచ్చినది. 2012 ఏప్రిల్ 22న ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో జరిగిన సభలో ఉపకులపతి సుధీర్ కుమార్ సోపోరి ఆయనకు ‘భారతదేశపు అటవీ మనిషి’ అన్న బిరుదునిచ్చినారు. 2015లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారముతో గౌరవించినది.

పరిమితులు

మొలాయ్ అడవి ఉన్న దిబ్బ కూడా ఒండ్రు నేలయే. చెట్ల వేళ్ళు పై పొరను పట్టి ఉంచి చిన్న ప్రవాహములను నిలువరించగలవు. అయితే నది ప్రధాన ధార గట్టు అడుగును కోసినపుడు చెట్లతో సహా భూమి కూలుతుంది. కనుక మొక్కలు నాటుట, ఇంజనీరింగు పనులకు ప్రత్యామ్నాయము కాదు. అదే విధముగా రాతి కట్టడములు గట్టును నిలిపినా, వాటి వలన బీలులో చేప పుట్టదు, కొంగకు గూడు దొరకదు.

ఈ కారణముగా బీళ్ళకు నదితో గల మార్గములను తూముల ద్వారా తిరిగి తెరచుట, గుర్రపుడెక్కను తొలగించుట, గూళ్ళున్న ఎత్తైన చెట్లను గుర్తించి కాపాడుట, కొత్త చాపరులపై రెల్లును కాల్చకుండా విడిచిపెట్టుట, ఏనుగుల వలన నష్టపోయిన రైతులకు సకాలములో పరిహారము ఇచ్చుట వంటి చర్యలు గట్ల రక్షణతో పాటు జరుగవలసి ఉన్నాయి. గుర్రపుడెక్క కాడలను ఎండబెట్టి బుట్టలు, చాపలు, సంచులు అల్లే పని అస్సాంలో కొన్నిచోట్ల జీవనోపాధిగా మారినది. బీలును శుభ్రపరచుట, కుటుంబానికి ఆదాయము కల్పించుట రెండూ ఇటువంటి పనులతో నెరవేరుతాయి.

ఇవి కూడా చూడండి

బ్రహ్మపుత్ర నది
కాజీరంగా జాతీయ వనము
జాదవ్ పాయెంగ్
గంగా డాల్ఫిన్
దీపోర్ బీల్
కొల్లేరు సరస్సు